చైనీస్ ఇమ్మర్షన్ బడుల్లో చైనీస్ కుటుంబాలకే ఆదరణ తక్కువా? మీరు చూసినది చెప్పండి

బే ఏరియా అమ్మ:
మా అమ్మాయి ఇక్కడ అమెరికాలో మాండరిన్ (చైనా అధికార భాష) ఇమ్మర్షన్ బడిలో, అంటే పాఠాలనే ఆ భాషలో చెబుతూ భాష నేర్పే బడిలో, రెండవ తరగతి చదువుతోంది. (ఇమ్మర్షన్‌ను నిమజ్జనం అంటే వినాయక చవితి గుర్తుకు వస్తుంది కనుక ఆ మాటనే ఉంచుతున్నాను.) మా ఇంట్లో ఎవరికీ ఆ భాషలో ఒక్క ముక్క రాదు. ఎదురింటి వారిది చైనాలోని చెంగ్దూ; వారి అబ్బాయి మా అమ్మాయితోపాటే చేరి, పోయిన నెలలో మామూలు బడికి మారిపోయాడు. కారణం అడిగితే ఆ తల్లి, తమను అక్కడ ఎవరూ పల్లెత్తు మాట అనలేదు గాని, ఆ బడి తమ పిల్లవాడి కోసం పెట్టినది కాదని మాత్రం రోజూ అనిపించేదని చెప్పారు. ఆ భాషతో ఏ సంబంధమూ లేని మాకు అంత ఆదరణ దొరికిన చోట, దానిని పుట్టుకతో మాట్లాడే వారికి అలా ఎందుకు అనిపించిందో నాకు అంతుపట్టలేదు. ఇటువంటి బడుల్లో పిల్లలున్నవారు, చైనీస్ కుటుంబాలతో వియ్యమందినవారు తమ అనుభవం చెప్పగలరా?

శాన్‌ఫ్రాన్సిస్కో కోడలు:
మా అత్తవారి పెద్దలు దక్షిణ చైనాలోని టాయ్‌షాన్ నుంచి వచ్చినవారు, ఇంట్లో మరో రకం చైనీస్ అయిన కాంటనీస్ మాట్లాడతారు. అబ్బాయిని మాండరిన్ బడిలో వేసినప్పుడు, ఇంట్లో చైనీసే కదా, ఇక మీకేమి ఇబ్బంది అని తోటి తల్లిదండ్రులు అన్నారు. కాంటనీస్ మాత్రమే వచ్చినవారికి మాండరిన్ వింటే అర్థం కాదన్న సంగతి వారికి తెలియదు. మా అత్తగారు పంతులమ్మతో మాట్లాడవలసి వచ్చినప్పుడల్లా, నాకు వచ్చిన వంటింటి కాంటనీస్‌తో నేనే మధ్యలో నిలబడి ఇంగ్లీషులో చెప్పేదాన్ని. చైనీస్ బడిలో చైనీస్ నాయనమ్మకు తెలుగు కోడలు దుబాసీ!

లిపి విషయంలో మరీ బాధ కలిగింది. ఆవిడ మనవడికి హాంకాంగ్, తైవాన్‌లలో వాడే సంప్రదాయ లిపి నేర్పారు; బడిలో నేర్పేది చైనాలో వాడే సరళ లిపి. గుర్రం అన్న అక్షరాన్ని వాడు నాయనమ్మ చూపినట్టే పది గీతలతో, కింద నాలుగు చుక్కలు పెట్టి రాస్తే, మూడు గీతల రూపం రాయలేదని ఎర్ర సిరాతో కొట్టివేశారు. ఆ కాగితం చూసిన తరువాత ఆవిడ వాడిచేత రాయించడం మానేశారు. ఈ ఊళ్లో కాంటనీస్ ఇమ్మర్షన్ లేకపోలేదు. వెస్ట్ పోర్టల్ బడిలో 1984లోనే మొదలైంది, ఆలిస్ ఫాంగ్ యూ బడి 1995లో వచ్చింది. మాకు అక్కడ చోటు దొరకలేదు, అంతే.

పోర్ట్‌లాండ్ నాన్న:
మా అనుభవం వేరండీ. మా బడిలో కొన్ని సీట్లు ఇంట్లో మాండరిన్ మాట్లాడే పిల్లలకే కేటాయిస్తారు కనుక, తరగతిలో ఆ పిల్లల మాటకు విలువ ఉంటుంది, మా వాడి ఉచ్చారణ కూడా వారి పక్కన కూర్చునే బాగుపడింది. అయితే ఒకటి ఒప్పుకోవాలి. చాంద్రమాన సంవత్సరాదికి లాంతర్లు కట్టడానికి, కుడుములు చుట్టడానికి ఏటా ఆ తల్లులనే పిలుస్తాము. డబ్బు ఎక్కడ ఖర్చు పెట్టాలో తేల్చే సమావేశంలో మాత్రం ఇంగ్లీషు ధారాళంగా వచ్చిన మావంటివారే మాట్లాడుతూ ఉంటాము.

యూటా ఉపాధ్యాయురాలు:
నేను ఇమ్మర్షన్ బడిలో ఇంగ్లీషు పూట పాఠాలు చెబుతాను. మా రాష్ట్రంలో 2008లో చేసిన చట్టంతో ఈ పద్ధతి విస్తరించింది. సగం పూట ఒక భాష, సగం పూట మరొకటి. మా తరగతుల్లో ఎక్కువమంది ఇంటి భాష ఇంగ్లీషు కనుక పాఠాలన్నీ వారి నడకకే అమర్చి ఉంటాయి. రంగులు, అంకెలు, కూరగాయల పేర్లు నెలల తరబడి సాగుతాయి. ఇంట్లో మాండరిన్ మాట్లాడే పిల్లవాడు ఆ పని పది నిమిషాల్లో ముగించేస్తాడు, మేము వాడిని చిన్న పంతులుగా మార్చి పక్కవారికి చెప్పమంటాము. మొదటి ఏడాది తల్లిదండ్రులు మురిసిపోతారు. మూడవ తరగతికి వచ్చేసరికి, మా వాడు ఇంతకాలం నేర్పాడు సరే, నేర్చుకున్నది ఏమిటి అని అడుగుతారు. ఒక తండ్రి అలా అడిగిన రోజున నా దగ్గర సమాధానం లేదు. మాట వచ్చిన పిల్లవాడికి కావలసినది చదవడం, రాయడం. దానికి వేరే పుస్తకం, వేరే నడక కావాలి.

శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇంగ్లీషు రాని సుమారు 1,800 మంది చైనీస్ పిల్లలకు బడి ఏ సాయమూ చేయలేదన్న వ్యాజ్యంలో అమెరికా సుప్రీంకోర్టు 1974లో వారి పక్షాన తీర్పు చెప్పింది. ఆ కుటుంబాలు అడిగింది తమ పిల్లలకు చదువు. ఇప్పుడు ఆ భాషకే ఇంత గిరాకీ వచ్చాక, అటువంటి ఇళ్ల పిల్లలను మేము ఇతరుల చదువుకు పనిముట్లుగా వాడుకుంటున్నామేమో అని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది.

బే ఏరియా అమ్మ:
అందరికీ కృతజ్ఞతలు. చిన్న పంతులు సంగతి చదివి ఎదురింటికి వెళ్లి అడిగాను. సరిగ్గా అదే జరిగిందట. ఏడాదంతా వాడిని కూర్చోబెట్టింది మా అమ్మాయి పక్కనేనట, ఆ సంగతి నాకు ఇన్నాళ్లూ తెలియదు. పై తరగతుల్లో పిల్లలు మానేసి సీట్లు ఖాళీ అవుతున్నాయి. భాష రానివారిని మధ్యలో చేర్చుకోరు కనుక, వాడిని తిరిగి పంపుతారా అని ఆఫీసు వారు ఈ వారం ఫోన్ చేశారట. ముందుగా పరీక్ష రాయాలన్నారట. ఆ తల్లి నవ్వి, ఆలోచించి చెబుతామన్నారు.