జీతానికి కోత పడింది, ఇంటి ఖర్చు మాత్రం తగ్గట్లేదు.. ఎక్కడ ఆపాలో చెప్పండి

నిజాంపేట_ఇల్లాలు:
అందరికీ నమస్తే అండి. మా ఆయన కంపెనీలో ప్రాజెక్టు పోయిందని మూడు నెలల నుంచి 68 వేలు వచ్చే చోట 41 వేలే వేస్తున్నారు, మళ్ళీ ఎప్పుడు పెంచుతారో వాళ్ళకే తెలీదు. నేను చేయగలిగింది చేస్తూనే ఉన్నా, ఒకటిన్నర లీటరు పాలు లీటరు చేశా, ఆదివారం మటన్ కాస్తా చికెన్ అయింది, చికెన్ కాస్తా గుడ్లయ్యాయి, పనమ్మాయిని మాన్పించా (గిన్నెలు తోమి తోమి వేళ్ళు పగిలాయి, అది వేరే సంగతి). అన్నీ కలిపి నెలకి నాలుగు వేలు మిగిలితే గొప్ప. ఫ్లాట్ ఈఎంఐ 27,400, చీటీ డివిడెండ్ పోను 9 వేలు, క్రెడిట్ కార్డు మినిమం 3,100 కట్టేసరికి చేతిలో 1,500 ఉంటాయి. ఇంక సరుకులు, అత్తయ్య బీపీ మాత్రలు, పెట్రోలు అన్నీ కార్డు మీదే గీకుతున్నాం, కార్డులో ఇప్పటికే 62 వేలు పేరుకుంది. పిల్లలకి రెండో టర్మ్ ఫీజు నెత్తి మీద ఉంది. వంటింట్లో ఇంకా ఏం తగ్గించొచ్చో తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

కూల్_కుర్రోడు:
ఓటీటీలు క్యాన్సిల్ చేయండి అక్కా, బయట కాఫీలు మానేయండి, చాలా సేవ్ అవుతుంది

నిజాంపేట_ఇల్లాలు:
బయట కాఫీ తాగి ఎన్నాళ్ళయిందో నాకే గుర్తు లేదు తమ్ముడూ 🙂

లెక్కల_మాస్టారు:
అమ్మా, మీరు పాల దగ్గర పిసినారితనం చేసి కార్డు దగ్గర ధారపోస్తున్నారు. చాలా కార్డులకి నెలకి మూడున్నర శాతం, కొన్నిటికి ఇంకా ఎక్కువే వడ్డీ ఉంటుంది. మూడున్నరే అనుకున్నా 62 వేల మీద 2,170, దాని మీద 18 శాతం జీఎస్టీ మరో 390. అంటే మీరు కట్టే 3,100లో అసలు తీరేది 540 రూపాయలే. పైగా పాత బాకీ ఉండగా కొత్తగా గీకినవాటికి ఆ నలభై యాభై రోజుల గడువు ఉండదు, కొన్న రోజు నుంచే వడ్డీ మొదలు. మీరు తెచ్చిన కందిపప్పు మీద కూడా వడ్డీ నడుస్తోందన్నమాట. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో పెట్టి కార్డు మొత్తం ఒకేసారి తీర్చేయండి, 9 శాతం అనుకున్నా 62 వేలకి నెలకి 465 రూపాయల వడ్డీ. బయట ఫైనాన్స్ కంపెనీలు తొందరగా ఇస్తాయి గానీ వడ్డీ ఎక్కువ లాగుతాయి, బ్యాంకే నయం. గడువు మాత్రం డైరీలో రాసుకోండి, మర్చిపోతే వేలం నోటీసు వస్తుంది.

ఇంకోటి, హోమ్ లోన్ ఎప్పటిది? 2019 అక్టోబరుకి ముందుదైతే పాత పద్ధతిలోనే ఉండి ఉండొచ్చు, రెపో రేటుకి (రిజర్వు బ్యాంకు మిగతా బ్యాంకులకి అప్పిచ్చే వడ్డీ) ముడిపెట్టిన దాంట్లోకి మార్చమని అడగండి, ఏదో కొంత ఫీజు తీసుకుంటారు. 2025లో రెపో 6.50 నుంచి 5.25కి దిగింది కదా, రేటు దిగినప్పుడు బ్యాంకోళ్ళు మామూలుగా ఈఎంఐ ముట్టుకోరు, వెనకాల నెలలు తగ్గిస్తారు. మీకిప్పుడు కావాల్సింది నెలలు కాదు కాబట్టి ఈఎంఐ తగ్గించమని లెటర్ పెట్టి అడగాలి. 30 లక్షలు 20 ఏళ్ళకి 8.75 నుంచి 7.5కి వస్తే 26,500 కాస్తా 24,170 అవుతుంది, పాల ఖర్చు వచ్చేసినట్టే.

ఓరుగల్లు_వదిన:
మా ఇంట్ల గూడ అట్లనే అయింది చెల్లె, అందుకే చెప్తున్న, కరెంటు బిల్లు చూస్కో. మన తెలంగాణల 200 యూనిట్లకి 820 పడుతది (ఫిక్స్‌డ్ చార్జీలు గివన్నీ కాక), 201 అయితే మొత్తం స్లాబే మారి 1,027 దాటుతది. ఒక్క యూనిట్‌కి రెండు వందలు! నేనైతే నెల ఇరవై రోజులు కాంగనే మీటర్ కాడికి పోయి ఫోటో కొడ్త, 150 దాటిందంటే గీజర్ బంద్, పిల్లలు ఎంత మొత్తుకున్నా పొయ్యి మీద నీళ్ళే. రెండు కిలోవాట్ల గీజర్ అరగంట ఏస్తే ఒక యూనిట్ పాయె. తెల్ల కార్డు ఉంటే 200 లోపు సున్నా బిల్లే, నీకు లేదనుకుంట. కూరగాయలకి కూకట్‌పల్లి రైతుబజార్‌కి పొద్దుగూకినంక పో, టమాటలు జర మెత్తగుంటయ్ గాని సగం ధరకే ఇస్తరు, ఆధార్ చూపిస్తే ఆర్డినరీ బస్సుల మన ఆడోళ్ళకు టికెట్ గూడ లేదు.

నిజాంపేట_ఇల్లాలు:
మాస్టారూ, కార్డు లెక్క చూశాక నిద్ర పట్టలేదండి. లోన్ 2018ది. అమ్మ పెట్టిన మూడు కాసుల గొలుసు ఉంది, తాకట్టు అంటే అత్తయ్య ఇల్లు పీకి పందిరేస్తుంది. దాని బదులు చీటీ పాడేస్తే? 2 లక్షల చీటీ, 20 నెలలకి 13 అయ్యాయి.

లెక్కల_మాస్టారు:
పాడొచ్చు, చివరికొచ్చేసింది కాబట్టి తోపుడు (పాటలో మనం వదులుకునే డబ్బు) పెద్దగా ఉండదు, నష్టం తక్కువే. కానీ మిగతా ఏడు నెలలూ కట్టాలి, జామీనుకి ఉద్యోగస్తుల్ని తెమ్మంటారు, మీ ఆయన జీతం తగ్గిందని తెలిస్తే సంతకం పెట్టేవాళ్ళు దొరకడం కష్టం. ముందు గొలుసు పెట్టి కార్డు మూసేయండి, చీటీ వీలైతే వచ్చే నెల పాడి గొలుసు విడిపించుకోండి, మిగిలింది స్కూలు ఫీజుకి వాడుకోవచ్చు.

నిజాంపేట_ఇల్లాలు:
సరేనండి. ఆయనకి చెప్పా, ఒప్పుకున్నారు, అత్తయ్యకి ఇంకా చెప్పలేదు. ఎల్లుండి శనివారం ఆయన ఇంట్లోనే ఉంటారు, బ్యాంకుకి వెళ్తాం.

ఓరుగల్లు_వదిన:
ఎల్లుండి రెండో శనివారం చెల్లె, బ్యాంకు ఉండది. సోమవారం పోండ్రి, ఆధార్, పాన్ రెండూ పట్కపోండ్రి.