కెనడాలో కెనూ లేక్, మే నెలలో పడవేసుకుని వెళ్ళొచ్చా?

బారువ_కుర్రాడు:
అందరికీ నమస్కారం. అక్కావాళ్ళు బ్రాంప్టన్‌లో ఉంటారు, మే రెండో వారంలో వెళ్తన్నాను. ఆల్గోంక్విన్ పార్కులో కెనూ లేక్ అని ఉంది, పడవ అద్దెకి తీసుకుని నాలుగు రోజులు ఒక చెరువులోంచి ఇంకో చెరువులోకి అడవి లోపలికి పోదాం అంటన్నాడు బావ. నాకు తెడ్డు కొత్త కాదు, తాతతో తెప్ప మీద సముద్రంలోకే వెళ్ళేవాణ్ణి, ఈతొచ్చు. అలల్లేని చెరువులో కష్టమేటుంటాది? గాలం పట్టుకెళ్ళొచ్చా? అమ్మ ఆవకాయ, అటుకులు కడతానంటంది.

నాగావళి_నీళ్ళు:
మూడుసార్లు వెళ్ళేను తమ్ముడూ. తెప్పంటే దుంగలు, బోల్తా కొట్టినా తేలుతాది, పట్టుకుని ఎక్కేస్తావు. కెనూ అంటే సన్నటి తేలిక తెడ్డు పడవ, అది అలాగ కాదు, ఒకడు పక్కకి వంగి చెయ్యి కడుక్కున్నా చాలు. పైగా మే రెండో వారమంటే అక్కడ మంచు కరిగి ఎన్నాళ్ళో అవ్వదు, పడితే ముందు ఊపిరి బిగుసుకుపోతాది, కాసేపటికి వేళ్ళు పనిచెయ్యవు, మన బారువ ఈత వెచ్చటి నీళ్ళ ఈత కదా. టామ్ థామ్సన్ అని కెనడాలో పెద్ద పేరున్న చిత్రకారుడు, ఆ పార్కులో గైడుగా కూడా చేసేడు, 1917 జులైలో ఈ చెరువులోనే పోయేడు, ఎలాగ పోయేడన్నది ఇప్పటికీ వాదించుకుంటనే ఉన్నారు. మనిషికో లైఫ్ జాకెట్ పడవలో ఉండాలని చట్టం, నువ్వు మాత్రం వేసుకునే కూచో. మే మధ్య నుంచి జూన్ దాకా బ్లాక్ ఫ్లైస్ అని చిట్టి నల్ల ఈగలు, చెవెనకాల రక్తమొచ్చేలా కరుస్తాయి. ఆగస్టు ఆఖర్న వెళ్ళు.

ఉద్దానం_జీడితోట:
ఆవకాయ గాజుసీసాలో అయితే కుదరదు బాబూ, లోపలికి సీసాలు, టిన్ను డబ్బాలు నిషేధం. మూత గట్టిగా ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టమను, నూనె కారిందంటే బట్టలన్నీ ఆవకాయే. మనకి జీడితోటల్లో ఎలుగు తిరిగినట్టే అక్కడ నల్ల ఎలుగులు. తిండి గుడారంలో ఉంచకు, టూత్‌పేస్ట్‌తో సహా అంతా సంచిలో కట్టి దూరంగా చెట్టుకి ఎత్తున వేలాడదియ్యాలి. గాలానికి లైసెన్సు కావాలి, బతికున్న చేపపిల్లని ఎర కట్టకూడదు.

బొబ్బిలోడు_టొరంటో:
అసలు సంగతి ఎవరూ చెప్పలేదు, పడవని మొయ్యాలి. ఒక చెరువు అయ్యాక పడవ నెత్తిన బోర్లించుకుని, సామాన్లు వీపునేసుకుని నడిచి ఇంకో చెరువులో దింపాలి, దాన్ని పోర్టేజ్ అంటారు. కెనూ లేక్ నుంచి జో లేక్‌కి డ్యామ్ పక్కన 295 మీటర్లే, అదొక ఆట. లోపలికెళ్తే కిలోమీటరు దాటినవీ ఉన్నాయి, వానలో బురదలో మోస్తే మా బావమరిది నాతో రెండ్రోజులు మాట్లాడలేదు. కెవ్లార్ అని తేలికైన గట్టి నారతో చేసిన పడవ తీసుకోండి, 20 కిలోల చిల్లర ఉంటాది, అద్దె ఎక్కువైనా సరే. రాత్రి మకాం పర్మిట్ అయిదు నెలల ముందు నుంచే ఇస్తారు, వేసవిలో శని ఆదివారాలు తొందరగా నిండిపోతాయి. టొరంటో నుంచి కారులో మూడు గంటల పైనే, హైవే 60 మీద.

బారువ_కుర్రాడు:
థాంక్స్ అన్నా అందరికీ. పడవ నెత్తిన పెట్టుకోవాలంటే తాత నమ్మట్లేదు, నన్నెవరో ఆట పట్టిస్తన్నారంటన్నాడు. ఆగస్టుకైతే టికెట్ మార్చాలి, బావ సెలవు అడుగుతానన్నాడు. బొబ్బిలన్నా, ఆ కెవ్లార్‌ది ఇద్దరికి ఒకటి సరిపోద్దా, సామానుతో?

బొబ్బిలోడు_టొరంటో:
సరిపోద్ది. బరువెక్కువ ఉన్నోడు వెనక కూచోవాలి, మీ బావ ఎంతుంటాడు?