పాత పద్యాల్లోని పదాలు పిల్లలకు గుర్తుండేలా ఎలా చెప్పాలి?

తొమ్మిదో తరగతికి తెలుగు చెబుతున్నాను. పోతన పద్యాలు పిల్లలు చక్కగా పాడతారు, ప్రతిపదార్థమూ అప్పజెప్తారు. అదే పదం ఇంకో పద్యంలో కనిపిస్తే మాత్రం తెల్లమొహం వేస్తారు. అర్థాల జాబితా బట్టీ పట్టిస్తే పరీక్ష దాకానే పనికొస్తోంది.

వ్యుత్పత్తితో చెబితే కాస్త నయం. కరం అంటే తొండం కూడా, అది ఉన్నది కరి, దంతాలున్నది దంతి. ఇవి మర్చిపోవట్లేదు. కానీ ఈ కిటుకు సంస్కృత పదాలకే బాగా కుదురుతోంది. ఎలమి, తాలిమి, కినుక లాంటి అచ్చతెలుగు మాటలకు ఏం చేస్తున్నారు?

ఇంకోటి, అర్థం ముందే చెప్పేయాలా, సందర్భాన్ని బట్టి ఊహించమనాలా? ఊహించమంటే పీరియడంతా దానికే పోతోంది (సరదాగానే ఉంటుందనుకోండి, సిలబస్ టెన్షన్ నాది). క్లాసులో నిజంగా పనిచేసిన పద్ధతులుంటే చెప్పండి. యాప్‌లు మాత్రం వద్దు, పిల్లల్ని ఫోన్లు తేనివ్వరు.