ఎడారిలో పచ్చిక బయళ్లు, మన దగ్గర ఎండిన కుళాయిలు: అసలు వృథా ఎక్కడ?

ప్రశ్న (విజయనగరం జిల్లా నుంచి)

మా అన్నయ్యగారి కుటుంబం అమెరికాలోని లాస్ వేగాస్‌లో ఉంటోంది. ఏడాదికి సుమారు 100 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే ఆ ఊళ్లో ఫౌంటెన్లు, గోల్ఫ్ మైదానాలు, పచ్చిక బయళ్లు ఫొటోల్లో చూసినప్పుడల్లా బాధ కలుగుతుంది. మన జిల్లాలో వెయ్యి మిల్లీమీటర్లకు పైగా వాన పడుతున్నా, ఏప్రిల్ వచ్చేసరికి మా వీధికి రోజు విడిచి రోజు మాత్రమే నీళ్లు వదులుతున్నారు. అదే వీధి చివరి మేడ మీద ట్యాంకు నిండిపోయినా మోటారు ఆపేవారు లేక, నీరు గోడ వెంట కారి మురుగు కాలువలో కలుస్తోంది. నీరే లేని చోట అంత విచ్చలవిడి వాడకం ఎలా సాగుతోంది? ఇంట్లో బకెట్టు నీళ్లు ఆదా చేస్తే నిజంగా ప్రయోజనం ఉంటుందా? తెలిసినవారు వివరించగలరు.

జవాబు 1 (శ్రీకాకుళం, విశ్రాంత ఇంజనీరు)

మీ ఆవేదన న్యాయమైనదే. అయితే వాడిన నీరు మళ్లీ చేతికి వస్తుందా, రాదా అన్నది ముందు చూడాలి. లాస్ వేగాస్‌లో ఇళ్లు, హోటళ్ల లోపల వాడిన నీటిని దాదాపు మొత్తంగా శుద్ధి చేసి, తాము తోడుకునే, కొలరాడో నది మీదున్న మీడ్ జలాశయానికే తిరిగి పంపుతారు. పచ్చికకు పోసిన నీరు మాత్రం ఎండకు ఆవిరై పోతుంది కనుక, అక్కడి నీటి సంస్థ 1999 నుంచి పచ్చిక తీసేసినవారికి డబ్బు చెల్లిస్తోంది. అలంకారానికి తప్ప మరెందుకూ పనికిరాని పచ్చికకు 2026 తర్వాత కొలరాడో నది నీరు వాడకూడదని, లాస్ వేగాస్ ఉన్న నెవాడా రాష్ట్రం 2021లో చట్టమే చేసింది. సొంత ఇళ్ల పెరళ్లకు మినహాయింపు ఇవ్వడం నా దృష్టిలో లోపం.

కానీ కొలరాడో నదిని ఎక్కువగా తాగేస్తున్నది నగరాలు కావు, పొలాలు. ఎడారి నేలలో పశువుల మేత కోసం లూసర్న్ గడ్డి పండిస్తున్నారు. సౌదీ అరేబియా మరింత దూరం వెళ్లింది. వేల ఏళ్ల నాటి భూగర్భజలాన్ని తోడి గోధుమ పండించి, ఎగుమతి కూడా చేసి, ఆ నీరు తరిగిపోతున్నదని గ్రహించి 2008లో సాగు తగ్గించడం మొదలుపెట్టింది. తోడిన నీరు మాత్రం తిరిగి రాలేదు.

మన కష్టం వేరు. మన వాన చాలావరకు జూన్ నుంచి అక్టోబరు లోపలే కురుస్తుంది. కొండలకూ సముద్రానికీ మధ్య దూరం తక్కువ కావడంతో నాగావళి, చంపావతి వంటి నదుల వరద త్వరగా సముద్రం చేరిపోతుంది. దాన్ని ఆపవలసిన చెరువులు పూడిపోయాయి, గెడ్డల (వాగుల) నుంచి వాటికి నీరు తెచ్చే కాలువలు ఆక్రమణలపాలయ్యాయి. మదుము (నీరు వదిలే తూము) పాడైన చెరువు ఎంత నిండినా సంక్రాంతి దాటేసరికి అడుగంటుతుంది. బకెట్టు ఆదా చేయండి, తప్పక చేయండి. దానితో పాటు మీ ఊరి చెరువు గట్టు మీద ఒకసారి నడిచి చూడండి.

జవాబు 2 (కవిటి)

ఉద్దానంలో కిడ్నీ జబ్బుల భయం వల్ల చాలామందిమి టిన్నుల నీళ్లు కొంటాం, లేదా ఇంట్లో ఆర్‌ఓ యంత్రం పెట్టుకుంటాం. ఆ యంత్రం లీటరు మంచినీరు ఇచ్చేలోపు సాధారణంగా అంతకంటే ఎక్కువ నీటిని సన్న గొట్టం గుండా బయటికి వదిలేస్తుంది. మేము ఆ గొట్టాన్ని సింకులో వదలకుండా బిందెలో పెట్టి, ఆ నీటితో గచ్చు కడుగుతున్నాం. లవణాలు ఎక్కువ కాబట్టి మొక్కలకు మాత్రం రోజూ పోయకండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. బొబ్బిలి దగ్గర మాకు బోరు కింద రెండెకరాల దాళ్వా వరి ఉంది. దిగుబడి తగ్గకుండా అక్కడ నీరు మిగల్చడం సాధ్యమేనా?

జవాబు 3 (రాజాం, రైతు)

సాధ్యమేనండి. ముందు మోటారుకున్న ఆటో స్టార్టరు తీసేయండి. కరెంటు ఉచితం కదా అని దాన్ని అలా వదిలేస్తే, సరఫరా ఉన్నంతసేపూ మోటారు తిరుగుతూనే ఉంటుంది, చేను నిండి గట్టు తెగినా ఆపేవారుండరు. ఆ తర్వాత తడి పొడి పద్ధతి పాటించండి. అడుగు పొడవున్న ప్లాస్టిక్ గొట్టం కింది సగానికి చుట్టూ బెజ్జాలు వేసి, ఆ సగం మట్టిలో దిగేలా గట్టు దగ్గర పాతి, లోపలి మట్టి తీసేయండి. గొట్టంలో నీటిమట్టం నేల కంటే 15 సెంటీమీటర్లు కిందికి దిగాకే మళ్లీ తడి ఇవ్వండి. పైకి మడి ఆరినట్టు కనిపించినా వేళ్లకు తేమ అందుతూనే ఉంటుంది. ఈ పద్ధతిలో 30 శాతం వరకు నీరు మిగులుతుందని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ చెబుతోంది. నాట్లు వేసిన తొలి రెండు వారాలూ, పైరు ఈనే దశలోనూ మాత్రం దీన్ని ఆపి, మడిలో 5 సెంటీమీటర్ల నీరు నిలపండి; కలుపు ఎక్కువగా ఉంటే అది అదుపులోకి వచ్చాకే మొదలుపెట్టండి.