బాలల దినోత్సవం నాడు చిన్న బడిలో అందరూ కలిసి ఆడే ఆటలు, పిల్లలకూ ఉపాధ్యాయులకూ చిన్న కానుకలు: సలహాలు కావాలి

ప్రశ్న

నమస్కారం. మాది పల్నాడు ప్రాంతంలోని ఒక చిన్న గ్రామం. మా మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో ఒకటి నుంచి అయిదు తరగతుల వరకు 48 మంది పిల్లలు, ఇద్దరు ఉపాధ్యాయులు ఉన్నారు. అదే ఆవరణలో అంగన్‌వాడీ కేంద్రం కూడా నడుస్తోంది. ఆ బడిలో చదువుకుని ఇప్పుడు వేర్వేరు ఊళ్ళలో ఉద్యోగాలు చేసుకుంటున్న మేము కొందరం నవంబరు 14న పిల్లలతో ఒక పూట గడపాలనీ, వెళ్ళేటప్పుడు వారి చేతుల్లో ఏదైనా చిన్న కానుక పెట్టాలనీ అనుకుంటున్నాం. తలా కొంత వేసుకోగా ఆరు వేల రూపాయలు పోగయ్యాయి.

పరుగుపందెం, కుర్చీలాట, చెంచాలో నిమ్మకాయ పోటీ పెట్టి, గెలిచిన ముగ్గురికి స్టీలు గిన్నెలు ఇవ్వడం ఇంతవరకు మా ఊరి ఆనవాయితీ. చురుకైన పెద్ద పిల్లలే ప్రతి ఏడూ గెలుస్తారు. మిగిలినవాళ్ళు చప్పట్లు కొట్టి ఇళ్ళకు పోతారు. ఈసారి ఏ పిల్లా ఊరికే చూస్తూ కూర్చోకూడదని మా కోరిక. అయిదేళ్ళవాళ్ళూ పదేళ్ళవాళ్ళూ కలిసి ఆడగలిగేవి ఏమున్నాయి? నాలుగు రోజుల్లో విరిగిపోయే ప్లాస్టిక్ బొమ్మలు కాకుండా పిల్లలకు ఏమివ్వవచ్చు? ఉపాధ్యాయులకు కానుక ఇవ్వడం సబబేనా, ఇస్తే ఏది తగినది? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

మొదటి సమాధానం (విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు)

మీ ఆలోచన చాలా సంతోషం కలిగించింది. పోటీని పూర్తిగా తీసివేయవలసిన పని లేదు, ఎందుకంటే గెలుపోటములు లేని ఆట పిల్లలకు కాసేపట్లోనే విసుగు పుట్టిస్తుంది. మార్చవలసింది జట్లు కట్టే పద్ధతిని. తరగతులవారీగా కాకుండా, ప్రతి జట్టులోనూ ఒకటో తరగతి నుంచి అయిదో తరగతి దాకా పిల్లలు ఉండేటట్లు ఎనిమిదేసి మందితో ఆరు జట్లు చేయండి. చిన్నవాళ్ళను కనిపెట్టుకుని ఉండమని పెద్ద పిల్లలకు మీరు విడిగా చెప్పనక్కరలేదు, జట్టు గెలవాలన్న పట్టుదలే ఆ పని చేయిస్తుంది.

ఈ ఏర్పాటుకు ఏడుపెంకులాటను మించినది నాకు కనబడలేదు. ఒక జట్టువాళ్ళు బంతితో పెంకుల దొంతరను పడగొట్టి, ఎదుటి జట్టువాళ్ళు విసిరే బంతి తమకు తగలకుండా తప్పించుకుంటూ, ఏడు పెంకులనూ తిరిగి పేర్చాలి. బాగా పరుగెత్తగలవాళ్ళు అటూ ఇటూ ఉరుకుతూ బంతిని తమ వైపు మళ్ళించుకుంటూ ఉంటే, ఆ సందులో ఒకటో తరగతి పిల్ల గొంతుకూర్చుని పెంకు మీద పెంకు నిలబెడుతుంది. ఆ జట్టును గెలిపించేది చాలాసార్లు ఆ పిల్లే. అయితే గట్టి బంతి దగ్గర నుంచి తగిలితే చిన్నవాళ్ళకు దెబ్బ తగులుతుంది కాబట్టి గుడ్డపీలికలు చుట్టి చేసిన బంతి వాడండి, పెంకుల అంచులను ముందే బండ మీద అరగదీయించండి.

ఎండ ముదిరాక చెట్టు నీడకు చేరి ఒప్పులకుప్ప, చెమ్మచెక్క, అష్టాచెమ్మా వంటివి ఆడించవచ్చు. వీటిని నేర్పడానికి మీరు పూనుకోకండి. ఊళ్ళోని అమ్మమ్మలనూ నాయనమ్మలనూ పిలిచి కూర్చోబెట్టండి. అష్టాచెమ్మాకు గవ్వలు దొరకకపోతే చింతగింజలు చాలు. గింజను గరుకు గచ్చు మీద ఒక వైపు అరగదీస్తే పైతోలు పోయి లోపలి తెలుపు బయటపడుతుంది, అలాంటివి నాలుగు ఉంటే పందెంగింజలు సిద్ధమైనట్లే. పిల్లలు తమంతట తామే అరగదీసుకోవాలి, ఆటలో సగం సంబరం ఆ పనిలోనే ఉంటుంది.

ఇక కానుక విషయం. పిల్లవాడు ఒక్కడే దాచుకునేది కాకుండా, మరొక పిల్లవాణ్ణి పిలిస్తే తప్ప ఉపయోగపడనిది ఇవ్వమని నా సలహా. మీ ఊరి దర్జీ దగ్గర మిగిలిపోయిన ముతక నూలు గుడ్డలతో మూతికి తాడు లాగే చిన్న సంచులు కుట్టించండి. సంచికి ఒక వైపు పులిజూదం పటం గీయించి, లోపల పులులుగా మూడు గచ్చకాయలు, మేకలుగా పదిహేను చింతగింజలు వేయండి. ఇరవై మూడు చోట్లున్న ఆ పటం మీద పులి దూకి మేకను తినాలని చూస్తుంది, మేకలేమో ఒకదాని వెనుక ఒకటి నిలబడి పులికి దూకే చోటు లేకుండా కట్టివేయాలి. మూడో తరగతి దాటిన ఏ పిల్లవాడైనా ఒక్క పూటలో నేర్చుకుంటాడు, ఆ తరువాత చిన్నవాళ్ళకు నేర్పుతాడు. గుడ్డ ఊరికే దొరికితే కుట్టుకూలి, రంగు కలిపి సంచి ఒక్కింటికి యాభై రూపాయలు దాటదు. మీ సొమ్ములో సగం కూడా ఖర్చు కాదు.

రెండవ సమాధానం (ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయిని, సిద్దిపేట జిల్లా)

ఉపాధ్యాయుల కానుక గురించి ఉపాధ్యాయురాలిగా నా అభిప్రాయం సూటిగా చెబుతాను. దయచేసి ఖరీదైనదేదీ ఇవ్వవద్దు. ప్రభుత్వ ఉద్యోగులు విలువైన కానుకలు పుచ్చుకోకూడదని ప్రవర్తనా నియమావళి చెబుతోంది. నియమం మాట అలా ఉంచినా, కానుక కోసం పిల్లల దగ్గర పదో పరకో పోగుచేయడం మొదలైతే, ఆ పది రూపాయలు తేలేని పిల్ల ఆ రోజు బడికి రాకుండా మానేస్తుంది. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది అదే. సర్వేపల్లి రాధాకృష్ణన్ రాష్ట్రపతి అయిన 1962లో తన పుట్టినరోజును జరుపుతామన్న శిష్యులతో, దాన్ని ఉపాధ్యాయులందరి రోజుగా జరిపితే సంతోషిస్తానని ఆయన అన్నారని చెబుతారు. తనకు అందవలసిన గౌరవాన్ని అందరికీ పంచిన ఆ పద్ధతి కానుకల విషయంలోనూ మనకు సరిపోతుంది.

మేము నిజంగా దాచుకునేవి పిల్లల రాతలు. అయితే "మా సారంటే నాకు చాలా ఇష్టం" అని అందరి చేతా ఒకే వాక్యం రాయిస్తే అందులో జీవం ఉండదు. "సారు నేర్పినవాటిలో నువ్వు ఇంటికి వెళ్ళి ఎవరికైనా చెప్పినది ఏమిటి?" అని ఒక్కొక్కరినీ విడిగా అడగండి. తూనీగకు నాలుగు రెక్కలుంటాయని తాతకు చూపించానని ఒకరు చెబుతారు, కొట్టువాడు చిల్లర తక్కువ ఇస్తే లెక్కపెట్టి అడిగానని మరొకరు చెబుతారు. రాయలేని చిన్నవాళ్ళు బొమ్మ గీస్తే పక్కన పెద్దవాళ్ళు రెండు మాటలు రాయవచ్చు. ఆ కాగితాలన్నీ ఒకచోట చేర్చి, పురికొసతో కుట్టి, గట్టి అట్ట వేసి ఇద్దరు ఉపాధ్యాయులకూ చెరొక పుస్తకంగా ఇవ్వండి. దానితోపాటు తరగతిలో రోజూ అవసరమయ్యే చార్టులు, స్కెచ్ పెన్నులు, మంచి కత్తెర బడి పేరిట ఇస్తే ఎవరికీ ఇబ్బంది ఉండదు.

ఇంకొక్క మాట. మధ్యాహ్న భోజనం వండిపెట్టే అక్కలను, ఆయమ్మను, అంగన్‌వాడీ టీచరును మరచిపోకండి. పిల్లలు ఏది తింటారో, ఎవరు ఖాళీ కడుపుతో వస్తారో వారికి తెలిసినంతగా మాకు తెలియదు. వారికి కూడా పిల్లల రాతల పుస్తకం ఒకటి ఉండాలి, వారిని వేదిక కింద కాక వేదిక మీదనే కూర్చోబెట్టాలి.

కలిసి చేసే పనుల్లో మా ప్రాంతపు చేర్యాల ముఖాలను కూడా ఆలోచించండి. చేర్యాల కళాకారులు కొబ్బరిచిప్ప మీద చింతగింజల గుజ్జు, రంపపు పొట్టు కలిపిన ముద్దతో కనుబొమలు, ముక్కు, పెదవులు తీర్చి, ఆరిన తరువాత రంగులు వేస్తారు. వారి నేర్పు మనకు రాదు గాని, పద్ధతిని పిల్లలు ఎంతో ఇష్టంగా పట్టుకుంటారు. చింతగింజలను నానబెట్టి, పైతోలు తీసి, మెత్తగా రుబ్బి ఉడికిస్తే జిగురు తయారవుతుంది, పొయ్యి పని మాత్రం పెద్దలే చేయాలి. ముద్ద పూర్తిగా ఆరడానికి రోజులు పడుతుంది కాబట్టి పండుగకు పది రోజుల ముందు పిల్లలు పుస్తకాల సంచులు లేకుండా వచ్చే ఏదైనా నో బ్యాగ్ డే శనివారం మొదలుపెట్టి, రంగులు వేసే పని మాత్రం నవంబరు 14కు ఉంచుకోండి. ఒక జట్టుకు ఒక కథ ఇచ్చి, అందులోని పాత్రలకు ముఖాలు చేయించి, చివరన ఆ కథ ఆడిస్తే పూట ఎలా గడిచిందో తెలియదు.

మూడవ సమాధానం (విశాఖపట్నం నుంచి ఒక తల్లి)

పై ఇద్దరూ చెప్పినవి చాలా బాగున్నాయి. నేను అంగన్‌వాడీ పిల్లల గురించి మాత్రమే రాస్తున్నాను. చింతగింజలు, గచ్చకాయలు ఉన్న సంచి మూడేళ్ళ లోపు పిల్లల చేతికి వెళ్ళకూడదు, ఎందుకంటే వాళ్ళు దొరికినదాన్నల్లా నోట్లో పెట్టుకుంటారు, గింజ గొంతుకు అడ్డం పడితే ప్రాణం మీదికి వస్తుంది. అన్న తెచ్చిన సంచిని ఇంట్లో చంటివాడు లాక్కునే ప్రమాదమూ ఉన్నది కాబట్టి ఈ సంగతి తల్లులకు ఆ రోజే చెప్పండి.

ఆ చిన్నవాళ్ళకు ఏటికొప్పాక గిలకలు ఇవ్వవచ్చు, కొంచెం పెద్దవాళ్ళకు బొంగరాలు బాగుంటాయి. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో మెత్తని అంకుడు కర్రను యంత్రం మీద తిప్పుతూ లక్క కడ్డీని ఆనిస్తారు. ఒరిపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. ఆ లక్కలో కలిపే రంగులు గింజలు, బెరడు, వేళ్ళు, ఆకుల నుంచి తీసినవి. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కొనేటప్పుడు సహజ రంగులతో చేసినవేనా అని అడిగి, అంచుల మీద వేలు పోనిచ్చి, విడిపోయే చిన్న ముక్కలేవీ లేవని చూసుకుని తీసుకోండి. బజారులో ఫ్యాక్టరీ బొమ్మ ఏదైనా కొనవలసి వస్తే ఐఎస్ఐ గుర్తు చూడండి. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే బొమ్మలకు అది తప్పనిసరి, నమోదైన హస్తకళాకారులు చేసినవాటికీ భౌగోళిక గుర్తింపు పొందినవాటికీ మాత్రం మినహాయింపు ఉన్నది.

తినడానికి పల్లీపట్టి, నువ్వుండలు ఇవ్వడం మంచిదే గాని, పల్లీలు పడని పిల్లలు ఎవరైనా ఉన్నారేమో తల్లులను ముందుగా అడగండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ మనఃపూర్వక ధన్యవాదాలు. ఏడుపెంకులాట, పులిజూదం సంచులు, రాతల పుస్తకాలు ఖాయం చేసుకున్నాం. ముఖాల తయారీ గురించి టీచర్లతో మాట్లాడాను, వారు కూడా ఉత్సాహంగా ఉన్నారు. ఈ మాటల్లోనే ఒక విషయం తెలిసింది. మూడో తరగతిలో కంటిచూపు లేని ఒక పాప ఉన్నది. ఇంతవరకు ఆటల వేళ ఆమెను అరుగు మీద కూర్చోబెడుతున్నారట. ఆమె కూడా ఆడేటట్లు ఏమి చేయవచ్చు?

నాలుగవ సమాధానం (సహిత విద్య ఉపాధ్యాయురాలు)

మీరు అడిగినందుకు ఎంతో ఆనందం కలిగింది. ముందుగా ఆ పాపనే అడగండి, ఇంట్లో తాను ఏమేమి ఆడుతుందో ఆమెకు తెలుసు. మీ మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రం ఉంటే అక్కడి ఉపాధ్యాయులు ఆమెను ఎరిగే ఉంటారు, వారిని కూడా ఆ రోజుకు పిలవండి.

చేతిస్పర్శతో ఆడడానికి వామనగుంటలు చాలా అనువైనవి. రెండు వరుసల్లో ఏడేసి గుంటలు, గుంటకు నాలుగేసి గాని అయిదేసి గాని గింజలు ఉంటాయి. వేళ్ళతో తడిమి లెక్కపెట్టుకుంటూ, ఒక్కొక్క గుంటలో ఒక్కొక్క గింజ వదులుతూ పోయే ఆ ఆటలో చూపున్నవారికి అదనపు లాభమేదీ లేదు. పీట దొరకకపోతే నేల మీద గుంటలు తీయవచ్చు. ఏడుపెంకులాటలో ఆమె జట్టుకు ఒక్క నియమం చేర్చండి. పెంకులు పేర్చే చోటు చుట్టూ తాడు పరిచి, ఆ వలయంలో కూర్చుని పేర్చేవారిని బంతితో కొట్టకూడదని చెప్పండి. ఆ నియమం అన్ని జట్లకూ వర్తిస్తే, అది ఆమె కోసమే పెట్టినట్లు కూడా ఉండదు. రాతల పుస్తకంలో ఆమె మాటలను ఆమె చెబుతుండగా స్నేహితురాలు రాయవచ్చు, బ్రెయిలీ నేర్చుకుని ఉంటే ఆమె స్వయంగా రాసిన కాగితాన్నే చేర్చండి.

పులిజూదం సంచి విషయంలో నాది ఒక మనవి. ఆమె ఒక్కదానికే వేరే సంచి చేయించకుండా, నలభై ఎనిమిది సంచుల మీదా గీతలను రంగుతో గీయించడానికి బదులు లావు దారంతో ఉబ్బెత్తుగా కుట్టించండి. గీతలు కలిసే ప్రతి చోటా చిన్న గుండ్రని గూడులా కుడితే, తడిమినప్పుడు గింజలు పక్కకు జరిగిపోవు. గుండ్రటి గచ్చకాయకూ పలకలు తేలిన చింతగింజకూ తేడా వేలికి ఇట్టే తెలుస్తుంది కాబట్టి పులి ఏదో మేక ఏదో ఎవరూ ఆమెకు చెప్పనవసరం లేదు. అప్పుడు ఆ పాప బడిలో ఎవరి సంచి విప్పినా ఆడగలదు. ఇందుకు కుట్టుకూలి కొంత పెరుగుతుంది గాని, మీ దగ్గర మిగిలే సొమ్ముతో సరిపోతుందనుకుంటాను. ఇరవై మూడు గూళ్ళ కుట్టు నిదానంగా సాగే పని కనుక, దర్జీకి దసరా వెళ్ళగానే గుడ్డ అందజేయండి. మొదటి సంచి పూర్తికాగానే ఆ పాప చేతికిచ్చి, గూళ్ళు తగినంత ఎత్తుగా ఉన్నాయో లేదో ఆమెతోనే చూపించి, తరువాతనే మిగిలినవి కుట్టమనండి.