కండరాల బిగుతు తగ్గించే బాక్లోఫెన్ గోలీ వేసుకుంటే కాళ్లు నిలవడం లేదు, ఎవరికైనా ఇలా అయిందా?

నమస్తే అండీ. మాది నల్లగొండ జిల్లా, మునుగోడు వైపు. మా ఆవిడకు మల్టిపుల్ స్క్లెరోసిస్, అంటే మెదడు, వెన్నుపాము నరాలను దెబ్బతీసే జబ్బు. మా దగ్గర కాళ్లు బిగుసుకున్నాయంటే ఎవరైనా ఫ్లోరైడ్ నీళ్లే అంటారు. మేమూ అదే అనుకుని ఏడాది వృథా చేశాం, ఎంఆర్ఐ తీస్తే గానీ తెలియలేదు.

రాత్రిళ్లు కాళ్లు రోకళ్లలా బిగుసుకుపోయేవి. హైదరాబాద్‌లో డాక్టర్ బాక్లోఫెన్ 5 మి.గ్రా. రోజుకు మూడుసార్లు రాశారు, పోయిన నెల 10 చేశారు. బిగుతు తగ్గింది, నిద్ర పడుతోంది, అబద్ధం ఎందుకు. కానీ పొద్దున గోలీ వేసుకున్న గంటకే కళ్లు మూతలు పడతాయి. మొన్న చాయ్ పోస్తూ పోస్తూ మోకాళ్లు మడతపడి, వంటగట్టు పట్టుకుని అట్లాగే జారి కూర్చుంది. గిన్నె ఒకవైపు, ఆమె ఒకవైపు. ఇన్నాళ్లూ ఆ బిగుతే ఆమెను నిలబెట్టిందేమో అనిపించింది.

"ఇక వేసుకోను" అంటోంది. ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చని, లేనివి కనిపించవచ్చని డాక్టర్ ముందే హెచ్చరించారు, అందుకే ఆపనివ్వలేదు. రేపు ఫోన్ చేసి డోసు సంగతి అడుగుతాను. ఈలోపు మీ అనుభవం చెప్పండి. ఈ మత్తు కొన్ని వారాలకు తగ్గిందా? పగలు తగ్గించి రాత్రికి ఎక్కువ ఇచ్చేలా మీ డాక్టర్లు మార్చారా? బిగుతుకే ఇచ్చే ఇంకో మందు టిజానిడిన్‌కు మారినవాళ్లకు నోరు ఎండిపోవడం, బీపీ పడిపోవడం ఎంతవరకు ఉంది? ఆ మందు వాడేటప్పుడు లివర్ పరీక్ష ఎన్నాళ్లకోసారి చేయించారు?