అమ్మ బోదకాలికి ఆపరేషన్ చేయించొచ్చా?

గోదారబ్బాయి: మాది పశ్చిమ గోదావరి. అమ్మకి ఎడమ కాలు బోదకాలు, చాలా ఏళ్లయింది. మొదట్లో పొద్దున లేచేసరికి వాపు దిగేది, ఇప్పుడు దిగట్లేదు, అప్పుడప్పుడూ గజ్జల్లో బిళ్ల కట్టి చలిజ్వరం వస్తుంది. ఒక డాక్టరు గారు లింఫ్ నాళాల్ని సిరకి కలిపే ఆపరేషన్ ఉందన్నారు, ఇంకొకాయన కొవ్వు లాగేయాలన్నారు. ఎవరి మాట వినాలి? ఫైలేరియా మాత్రలు ఏటా వేసుకుంటూనే ఉంది మరి.

మైక్రోస్కోపు పీజీ: ఇద్దరూ సరిగ్గానే చెప్పారు, కాకపోతే వేర్వేరు దశల గురించి. కాలి చర్మం కింద ఒంట్లో చేరే నీటిని మోసుకెళ్లే లింఫ్ నాళాలుంటాయి, వాటికి కవాటాలుంటాయి, అవి వాటంతటవే ముడుచుకుంటూ ద్రవాన్ని గజ్జల్లోని గ్రంథులకి నెడతాయి, అక్కడి నుంచి అది పొట్ట, ఛాతీ మీదుగా థొరాసిక్ డక్ట్ అనే పెద్ద లింఫ్ నాళంలో వెళ్లి మెడ ఎడమవైపు పెద్ద సిరలో కలుస్తుంది. ఫైలేరియా పురుగు ఈ నాళాల్లోనే కాపురం పెట్టి వాటిని సాగదీసేస్తుంది, కవాటాలు మూసుకోవు. మాత్రలు పురుగు సంగతి చూస్తాయి గానీ సాగిన నాళాన్ని బాగుచేయలేవు.

సిరకి కలపడమంటే మిల్లీమీటరు కూడా లేని నాళాన్ని పక్కనున్న సన్న సిరకి మైక్రోస్కోపు కింద కుట్టడం. నాళంలో ఇంకా కదలిక ఉంటేనే ఫలితం. అది తెలియడానికి వేళ్ల సందుల్లో ఐసీజీ అనే రంగు ఎక్కించి ఇన్‌ఫ్రారెడ్ కెమెరాతో చూస్తారు, గీతల్లా కనిపిస్తే ఆశ ఉన్నట్టు, మబ్బులా పరుచుకుంటే ద్రవం చర్మంలోకే వెనక్కి తన్నుతున్నట్టు. ముందు బొటనవేలితో అర నిమిషం గట్టిగా నొక్కి చూడండి. గుంట పడితే నీరు, పడకపోతే చాలావరకు కొవ్వూ, గట్టిపడ్డ పీచులాంటి కండా. దానికే లైపోసక్షన్, అంటే ఆ కొవ్వు లాగేయడం.

గోదారబ్బాయి: నొక్కాను సార్. పాదం మీద గుంట పడుతోంది, పిక్క దగ్గర అస్సలు పడట్లేదు.

మైక్రోస్కోపు పీజీ: అయితే రెండూ కలిసి ఉన్నాయి. ముందు కట్లు కట్టి నీరు తగ్గించి, ఐసీజీ చూశాకే ఏ ఆపరేషనో తేల్చాలి. చూడకుండానే డేట్ ఇచ్చేస్తే ఇంకోచోట కూడా అడగండి.

సిస్టరమ్మ: తమ్ముడూ, ముందు ఆ జ్వరాలు ఆపండి. జ్వరం వచ్చిన ప్రతిసారీ ఇంకొన్ని నాళాలు పోతాయి. చిటికెన వేలి సందు విప్పి చూడు, తెల్లగా నాని చీలి ఉంటుంది, క్రిములు అక్కడి నుంచే లోపలికి పోతాయి. రోజూ సబ్బుతో కడిగి, మెత్తటి గుడ్డతో సందు సందూ తడి లేకుండా అద్ది, మందు రాయాలి. జ్వరాలు ఆగకపోతే పెన్సిలిన్ ఇంజక్షన్ సంగతి డాక్టరు గారిని అడుగు. ఇంకోటి, లైపోసక్షన్ అయ్యాక కాలిని బిగించి పట్టే స్టాకింగ్ (మేజోడు) జన్మంతా వేసుకోవాల్సిందే, మానేస్తే వాపు మళ్లీ వచ్చేస్తుంది. ఈ మాట చాలామంది చెప్పరు, డబ్బులు కట్టాక తెలుస్తుంది.

గోదారబ్బాయి: మా ఊరి ఎండలకి అమ్మ స్టాకింగ్ ఉంచుకుంటుందా అని టెన్షన్ అక్కా.

సిస్టరమ్మ: మంచం దిగకముందే తొడగాలి, కాలు కింద పెట్టి వాపు పెరిగాక తొడిగితే ఎక్కదు. రెండు జతలు కొను, ఒకటి ఉతికితే ఇంకోటి. కొలతలు మాత్రం కట్లతో నీరు తగ్గాకే తీయించు, ఇప్పుడు తీస్తే నెలలోనే వదులైపోతుంది.